టెకాంగ్‌లో బేసిక్ ట్రైనింగ్: రోజు ఎలా గడుస్తుంది, స్నేహాలు ఎలా కుదురుతాయి

మీరు అడిగింది ఇది: అబ్బాయి సింగపూర్‌లో రెండో తరం పీఆర్ (పర్మనెంట్ రెసిడెంట్). పన్నెండో తరగతి దాకా ఇండియన్ సిలబస్ స్కూల్లోనే చదివాడు, స్నేహితులంతా మనవాళ్లే. శాకాహారి. వచ్చే నెల నేషనల్ సర్వీస్‌కి, అంటే తప్పనిసరి సైనిక సేవకి, రిపోర్ట్ చేయాలి. పులావ్ టెకాంగ్ దీవిలో రోజు ఎలా గడుస్తుంది? చైనీస్, మలయ్ కుర్రాళ్ల మధ్య వాడికి స్నేహితులు దొరుకుతారా, ఒంటరివాడైపోతాడా?

ముందు రెండోదానికి జవాబు చెప్తాను, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. దొరుకుతారు. కాకపోతే స్కూల్లో దొరికిన పద్ధతిలో దొరకరు. స్కూల్లో ఇష్టాలు కలిస్తే స్నేహం కుదురుతుంది. ఇక్కడ ముందు పని కలుస్తుంది, మాటలు ఆ తర్వాత. సుమారు పన్నెండు నుంచి పదహారు మంది ఒక సెక్షన్‌గా ఒకే బంక్‌లో, అంటే ఉమ్మడి పడక గదిలో, పడుకుంటారు, ఒకే టాయిలెట్ కడుగుతారు, ఒకే లైన్‌లో నిలబడతారు. ఒకడు ఆలస్యమైతే మిగతావాళ్లంతా ఎండలో వాడి కోసం నిలబడాలి. అందుకే మొదటి వారంలోనే ప్రతి ఒక్కరి గురించీ సెక్షన్‌లో ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది: వీణ్ని నమ్ముకోవచ్చా, లేదా. మాతృభాష, మతం, స్కూలు ఆ అభిప్రాయంలోకి చాలా తక్కువగా వస్తాయి. తల్లిదండ్రులు ఎక్కువగా ఫిట్‌నెస్ గురించి బెంగపెట్టుకుంటారు. అది అవసరమే. కానీ బేసిక్ ట్రైనింగ్ తొమ్మిది వారాలూ హాయిగా గడుస్తాయా, భారంగా గడుస్తాయా అన్నది ఎక్కువగా మూడింటి మీద ఆధారపడుతుంది: పాదాలు, నిద్ర, సెక్షన్‌లో మీవాడికున్న పేరు.

సర్వీసు పూర్తికాలం రెండేళ్లు. చేరకముందే ఫిట్‌నెస్ టెస్టులో కావాల్సిన మార్కు తెచ్చుకున్నవాళ్లకు రెండు నెలలు తగ్గుతుంది. టెస్టులో మూడే అంశాలు: నిమిషంలో పుషప్స్, నిమిషంలో సిటప్స్, 2.4 కిలోమీటర్ల పరుగు. వందకి 61 పాయింట్లు రావాలి. పరుగుకే 50 పాయింట్లు, మిగతా రెండింటికీ చెరో 25. అంటే సమయం తక్కువగా ఉంటే పరుగు మీద పెట్టడమే లాభం. టెస్టు పాసైనవాళ్లకు బేసిక్ ట్రైనింగ్ సుమారు తొమ్మిది వారాలు. పాస్ కానివాళ్లకు, బరువు ఎక్కువున్నవాళ్లకు ఇంకా ఎక్కువ వారాలు ఉంటుంది. ఎక్కువ వారాల బ్యాచ్ పడిందని చిన్నతనంగా అనుకోవద్దు. అక్కడ అందరూ ఒకే స్థాయిలో మొదలవుతారు, లోడ్ నెమ్మదిగా పెంచుతారు, పరిచయాలు గట్టిపడటానికి సమయం కూడా ఎక్కువ దొరుకుతుంది. ఊపిరి అందక రోజూ వెనకబడే కుర్రాడికి తక్కువ వారాల బ్యాచ్ కంటే ఇదే మేలు.

ఈ నెల రోజుల్లో చేయించగలిగినవి చెప్తాను. వారానికి మూడు పరుగులు, అందులో ఒకటి 400 మీటర్ల చొప్పున వేగంగా పరిగెత్తి మధ్యలో రెండు నిమిషాలు నడిచేది. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద కాకుండా బయట. ఒంటికి ఎండ, ఉక్క అలవాటు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, ఆ అలవాటు ట్రెడ్‌మిల్ ఇవ్వదు. చివరి రెండు వారాలు పొద్దున్న ఐదున్నరకి లేపండి, రాత్రి పదిన్నరకి ఫోన్ పక్కన పెట్టించండి. మొదటి వారంలో చాలామంది కుదేలయ్యేది వ్యాయామంతో కాదు, మారిన నిద్ర వేళలతోనే. ఇంకొకటి: పక్క సర్దుకోవడం, తన బట్టలు తనే ఉతుక్కోవడం, టాయిలెట్ కడగడం ఇప్పుడే ఇంట్లో చేయించండి. చీపురు పట్టడం రాని కుర్రాడిని బంక్‌లో అందరూ రెండో రోజుకే గమనిస్తారు.

మొదటి రోజు మీరూ వెంట వెళ్లొచ్చు. చాంగీ దగ్గరున్న ఎస్‌ఏఎఫ్ (సింగపూర్ సాయుధ దళాలు) ఫెర్రీ టెర్మినల్ నుంచి పడవలో తీసుకెళ్తారు. బంక్ చూపిస్తారు, కుర్రాళ్లు ప్రతిజ్ఞ చేస్తుంటే చూస్తారు, కుక్‌హౌస్‌లో కలిసి భోజనం చేస్తారు, ఆ తర్వాత మిమ్మల్ని పంపేస్తారు. మీరు పడవెక్కాక జుట్టు తీసేస్తారు, సామాను ఇస్తారు. ప్రతి ఒక్కరికీ నాలుగంకెల నంబరు వస్తుంది: మొదటి అంకె ప్లటూన్ (కొన్ని సెక్షన్లు కలిసిన దళం), రెండోది సెక్షన్, చివరి రెండూ మనిషివి. కొన్నాళ్లపాటు పేరు కంటే ఆ నంబరే ఎక్కువ వినపడుతుంది. దాన్ని బట్టే మంచం, లాకర్ ఉంటాయి. సాధారణంగా పక్క నంబరువాడే బడ్డీ, అంటే జతగా ఉండే తోడు, అవుతాడు. అంటే మొదటి స్నేహితుణ్ని మీవాడు ఎంచుకోడు, నంబరే ఎంచుతుంది. ఇది చాలా మంచి ఏర్పాటని నా గట్టి అభిప్రాయం. మొహమాటం ఉన్న కుర్రాడు ఎవరితో మాట్లాడాలా అని వెతుక్కోనక్కర్లేదు.

సామాను విషయం త్వరగా చెప్పేస్తాను. యూనిఫాం, బూట్లు, పీటీ బట్టలు, హెల్మెట్, బ్యాగు వాళ్లే ఇస్తారు. ఇంటి నుంచి కావాల్సినవి: రెండు తాళాలు (ఒకే నంబరుతో తెరుచుకునేవైతే తాళం చెవి పోయే బాధ ఉండదు), ఏడెనిమిది జతల ముదురు రంగు లోదుస్తులు, సాదా రబ్బరు చెప్పులు, హ్యాంగర్లు, క్లిప్పులు, బట్టల సబ్బుపొడి, కాళ్లకి వేసుకునే పౌడర్, బొబ్బలకి ప్లాస్టర్లు, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు పెద్దవీ చిన్నవీ కలిపి రెండు డజన్లు, నల్ల పెర్మనెంట్ మార్కర్. మార్కర్ చిన్న వస్తువే కానీ అందరి సాక్సూ టీషర్టులూ ఒకేలా ఉండే చోట తన నంబరు రాసుకోకపోతే మూడో రోజుకి సగం పోతాయి. కారప్పూస, సున్నుండల డబ్బాలు మాత్రం పెట్టకండి. బంక్‌లో తినుబండారాలు దాచుకుంటే చీమలు పడతాయి, తనిఖీలో దొరికితే మాటపడేది మొత్తం బంక్.

ఇక రోజు. సుమారు ఐదున్నరకి లేవాలి. పది, పదిహేను నిమిషాల్లో పక్క సర్ది, పళ్లు తోమి, గడ్డం గీసుకుని కింద లైన్‌లో ఉండాలి. గడ్డం రోజూ గీయాలి, సరిగా రాకపోయినా సరే. అక్కడ ఒంటి వేడి చూస్తారు. అరలీటరు నీళ్లు అందరూ ఒకేసారి తాగి, సీసా తలకిందులు చేసి ఖాళీ అని చూపించాలి, దాన్ని వాటర్ పరేడ్ అంటారు. టిఫిన్, బంక్ శుభ్రం, మొదటి పరేడ్. పొద్దున పూట పరుగు, కసరత్తు లాంటి బరువైన పనులు, ఎండ ముదిరాక క్లాసులు, రైఫిల్ పాఠాలు, డ్రిల్ వస్తుంటాయి, రోజును బట్టి మారుతుంది. ఎండనీ తేమనీ కలిపి కొలిచే రీడింగ్‌ని తెలుపు నుంచి నలుపు దాకా రంగులతో చెప్తారు. రంగు ముదిరేకొద్దీ పని నిమిషాలు తగ్గుతాయి, విశ్రాంతి నిమిషాలు పెరుగుతాయి. సాయంత్రం భోజనమయ్యాక స్నానం, బట్టలుతకడం, ఫోన్ చేసుకోవడానికి కొంత సమయం ఇస్తారు. తర్వాత రేపటి పనులు చదివి వినిపించే చివరి పరేడ్, మళ్లీ నీళ్లు, పదీ పదిన్నరకి దీపాలార్పడం. ఫీల్డ్ ఎక్సర్‌సైజులు మినహా ఏడు గంటల నిరంతర నిద్ర ఇవ్వాలన్నది నియమం, దాన్ని గట్టిగానే పాటిస్తారు. ఆ ఏడు గంటల్లో దుప్పటి కింద ఫోన్ చూసేవాడు తన నిద్రే కాకుండా మర్నాడు పక్కవాడి ఓపికని కూడా తినేస్తాడు.

పగలంతా ఫోన్ లాకర్‌లోనే ఉంటుంది. మీరు పదిసార్లు చేసినా ఎత్తడు. రాత్రి దొరికే ఆ కాస్త సమయంలో పావుగంట కంటే ఎక్కువ అడగొద్దు. మొదటి వారం స్నేహాలు సరిగ్గా ఆ గంటలోనే మొదలవుతాయి, బట్టలు పిండే చోట, రైఫిల్ తుడిచే చోట. ఆ గంటంతా ఇంటితో ఫోన్‌లో ఉన్న కుర్రాడు బంక్‌లో పరాయివాడిగానే ఉండిపోతాడు. మీ బెంగ తీరడం కోసం వాడిని అక్కడ ఒంటరిని చేయకండి.

డ్రిల్ ఆజ్ఞలన్నీ మలయ్‌లో ఉంటాయి. సెదియా అంటే సావధాన్, సెనాంగ్ దిరి అంటే విశ్రాం, కె కిరి పుసింగ్ ఎడమకి తిరగడం, కె కానన్ పుసింగ్ కుడికి, చెపాట్ జాలాన్ కదం తొక్కడం, బర్హెన్టి ఆగడం, కెలువార్ బారిస్ లైన్ వదిలి వెళ్లడం. లోకల్ స్కూళ్లలో యూనిఫాం గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఇవి ముందే వచ్చు, మీవాడికి రావు. ఈ ఏడూ నేర్చుకుని వెళ్తే మొదటి వారం సగం తికమక పోతుంది. ఆఫీసర్లని సర్ అనాలి, సార్జెంట్‌ని సార్జెంట్ అనే, వారంట్ ఆఫీసర్లని ఎన్చిక్ అని పిలుస్తారు. సెక్షన్ కమాండర్ చాలాసార్లు మీవాడి కంటే ఏడాదో రెండేళ్లో పెద్దవాడైన నేషనల్ సర్వీస్ కుర్రాడే. అరుస్తాడు, కానీ వాడి పని కూడా తొమ్మిది వారాలు ఈ పదిహేను మందినీ క్షేమంగా దాటించడమే.

భోజనం గురించి నిశ్చింతగా ఉండండి, ఒక్క షరతు మీద. కుక్‌హౌస్‌లో మామూలు, హలాల్, శాకాహారం అని విడివిడిగా ఉంటాయి. శాకాహారి అని చేరే ముందు ఫారాల్లోనే రాయాలి, చేరాక సార్జెంట్‌కి కూడా మొదటి రోజే చెప్పాలి. తర్వాత చెప్తే లెక్క మారడానికి రోజులు పడుతుంది. చైనీస్ పద్ధతి శాకాహారంలో సోయాతో, గోధుమ పిండి ప్రొటీన్‌తో చేసిన ముక్కలు వస్తుంటాయి. చూడ్డానికి అచ్చం మాంసంలా ఉంటాయి. మనింటి పిల్లలు కొందరు అనుమానంతో అవి పక్కన పెట్టి ఉత్త అన్నం తింటారు, నాలుగో రోజుకి నీరసపడతారు. ముందే ఒకసారి బయట శాకాహార స్టాల్‌లో తినిపించి అలవాటు చేయండి. రోజూ పప్పు, పెరుగు మీద ఆశ పెట్టుకోకుండా వెళ్తే మంచిది. ఫీల్డ్‌లో ఇచ్చే ప్యాకెట్ రేషన్‌లో కూడా శాకాహారం ఉంటుంది, కాకపోతే ఫీల్డ్ క్యాంపుకి వెళ్లేముందు తన పేరు ఆ జాబితాలో ఉందో లేదో మరోసారి అడిగి చూసుకోవాలి.

ఇప్పుడు స్నేహాల సంగతి కాస్త నిదానంగా.

బంక్ తనిఖీకి ముందు పని పంచుకుంటారు: ఫ్యాను రెక్కలు, కిటికీ అంచులు, లాకర్ల పైభాగం, కారిడార్, టాయిలెట్. దుమ్ము దొరికేది ఎప్పుడూ ఎవరూ చూడని చోటే, లాకర్ పైనా ఫ్యాను రెక్క వెనకాలా. టాయిలెట్ ఎవరికీ ఇష్టం ఉండదు. మొదటి తనిఖీకి దాన్ని అడక్కుండా తీసుకున్నవాడికి వచ్చే మంచిపేరు నెల రోజులు నిలుస్తుంది. రెండోసారి నుంచి వంతులు వేయమని మర్యాదగా అడగొచ్చు. ఎప్పుడూ తనే తీసుకుంటే మాత్రం ఆ పని తన మెడకే చుట్టుకుంటుంది. ఉదారంగా ఉండటానికీ లోకువ కావడానికీ మధ్య గీత అక్కడే ఉంది, అది మీవాడికి ముందే చెప్పండి.

తను ముందే తయారైతే మంచం మీద కూర్చోకూడదు. పక్కవాడి బ్యాగు పట్టీ బిగించడం, మూడు సీసాలు పట్టుకెళ్లి నింపుకురావడం, ఇంకా పడుకున్నవాణ్ని లేపడం, ఇలాంటివి చేయాలి. ఈ చిన్న పనులే అక్కడ మాటల బదులు పనిచేస్తాయి. చెప్పిన టైముకి ఐదు నిమిషాల ముందు కింద ఉండటం నలుగురికి పెట్టే పార్టీ కంటే ఎక్కువ విలువ చేస్తుంది.

బంక్‌లో చైనీస్ కుర్రాళ్లు ఎక్కువ ఉంటే మాండరిన్‌లో మాట్లాడుకుంటారు. అది మీవాణ్ని వెలివేయడం కాదు, అలసిపోయినప్పుడు ఎవరి నోటికైనా ఇంటి భాషే వస్తుంది. ముఖం మాడ్చుకుని పక్కకి పోవద్దు. ‘ఏమన్నారు?’ అని ఒకసారి తేలిగ్గా అడిగితే చాలు, చాలామంది వెంటనే ఇంగ్లీషులోకి వస్తారు. అలాగే బంక్‌లో తమిళమో హిందీయో తెలిసినవాడు దొరికితే ఎప్పుడూ వాడితోనే అంటుకుని తిరగొద్దు. మొదటి పది రోజులు అది ఊరటే, ఆ తర్వాత అదే గోడ అవుతుంది. సింగ్లిష్ యాస తెచ్చిపెట్టుకోనక్కర్లేదు, అర్థమైతే చాలు. ఎక్కువగా వినపడే నాలుగు మాటలు: సాబో అంటే తన నిర్వాకంతో తోటివాళ్లని ఇరికించడం, వయాంగ్ అంటే సార్జెంట్ చూస్తున్నప్పుడు మాత్రమే పనిచేయడం, చావ్ కెంగ్ అంటే జబ్బు నటించి పని తప్పించుకోవడం, ఆరో (ఇంగ్లీషు arrow) అంటే ఎవరో ఒకరి నెత్తిన పని పడటం. మొదటి మూడింటిలో ఏ ఒక్క పేరు పడినా పోగొట్టుకోవడం కష్టం. అందులోనూ వయాంగ్‌ని కుర్రాళ్లు అస్సలు క్షమించరు.

డబ్బు అప్పు ఇవ్వడం, తీసుకోవడం వద్దు. క్యాంటీన్‌లో ఒక డ్రింక్ కొనిపెట్టడం వేరు. సాక్సు, సేఫ్టీ పిన్ను, పౌడర్ అడిగితే ఇవ్వాలి. రెండు మూడు అదనంగా తీసుకెళ్లడం అందుకే.

ఇక బడ్డీ. ఒకరి హెల్మెట్ పట్టీ ఒకరు చూడాలి, నీళ్లు తాగాడా లేదా చూడాలి, మాట తడబడుతున్నా, అడుగు తూలుతున్నా వెంటనే సార్జెంట్‌ని పిలవాలి. వడదెబ్బలో మనిషికి తన పరిస్థితి తనకి తెలియదు, పక్కవాడే గుర్తుపట్టాలి. ‘వాడు పరవాలేదంటున్నాడు’ అని ఊరుకోవడం అక్కడ జరిగే అత్యంత ప్రమాదకరమైన తప్పు.

రైఫిల్ విషయంలో బడ్డీ మీద ఆధారపడటం ఇంకా కచ్చితంగా ఉండాలి. ఎస్‌ఏఆర్ 21 అనే 5.56 ఎంఎం రైఫిల్ ఇస్తారు. అది చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఎప్పుడూ ఉండాలి. టాయిలెట్‌కి వెళ్లాల్సి వస్తే బడ్డీ పేరు పెట్టి పిలిచి, వాడు అందుకుని ‘నా దగ్గరుంది’ అని నోటితో అన్నాకే వదలాలి. నేల మీద పెట్టి ‘చూస్తుండు’ అని వెళ్లిపోతే ఇద్దరూ ఎదుటివాడు చూస్తున్నాడనే అనుకుంటారు. రైఫిల్ పోవడం, కాసేపు కనపడకపోవడం దాదాపు ఇలాగే జరుగుతాయి. శిక్ష కూడా ఇద్దరికీ పడుతుంది. శుభ్రం చేసేటప్పుడు విడిభాగాలు ఎవరివి వాళ్ల గుడ్డ మీదే, విప్పిన వరసలోనే పెట్టుకోవాలి. ఇద్దరి భాగాలు కలిసిపోతే నంబర్లు చూసి విడదీసేసరికి నిద్ర టైము పోతుంది. మసి బోల్ట్ ముఖం మీద, తూటా కూర్చునే ఛాంబర్ మూలల్లో ఎక్కువ పేరుకుంటుంది. నూనె ఎక్కువ పోస్తే మెరుస్తుంది కానీ ఫీల్డ్‌లో ఇసుకంతా దానికే అంటుకుంటుంది. పల్చగా పూసి తుడవాలి.

అసలైన పరీక్ష ఫీల్డ్ క్యాంపు. సుమారు ఐదారు రోజులు అడవిలో, స్నానం లేకుండా. బడ్డీలిద్దరూ కలిసి పడుకునేంత పొడవున, నేలకి ఒదిగి దాక్కునేంత లోతున గుంట తవ్వాలి. నేల ఎర్రమట్టి, వేర్లు ఎక్కువ. చాంకుల్ అనే పారతో ఒకడు తవ్వుతుంటే ఇంకొకడు కాపలా కాయాలి. పదేసి నిమిషాలకి చేతులు మార్చుకుంటే పని నడుస్తుంది. మగతనం చూపించడానికి ఒక్కడే అరగంట తవ్వితే అరచేతులు బొబ్బలెక్కి మిగతా రోజులంతా బాధ. తీసిన మట్టి గుంట చుట్టూ వేయాలి, వర్షం నీళ్లు వచ్చే ఎగువ వైపు ఎక్కువగా వేసి తొక్కాలి. అది మర్చిపోతే రాత్రి వానకి గుంట చెరువవుతుంది.

స్నానానికి బదులు పౌడర్ వేసుకుంటారు. దీనికీ ఒక వరస ఉంది. ముందు తడి టిష్యూతో మెడ, చంకలు, గజ్జలు, తొడల లోపలి వైపు, చివరగా వేళ్ల మధ్య తుడవాలి. రెండు నిమిషాలు గాలికి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాకే పౌడర్, అదీ పల్చగా. చెమట మీద చల్లితే ముద్ద కట్టి, నడుస్తుంటే ఇసుక కాగితంలా ఒరుసుకుని తొడలు పుండ్లు పడతాయి. వీపు తనకి అందదు, బడ్డీ వేయాలి. రెండో రాత్రికి సిగ్గు పోతుంది. సాక్సు రోజుకొక జత. తడిసినవి పడేయకుండా విడి కవర్‌లో పెట్టి మూతి కట్టాలి. రేపటి పొడి జత, లోదుస్తులు ఒక్కో రోజువి ఒక్కో కవర్‌లో ముందే సర్దుకుంటే చీకట్లో వెతుకులాట ఉండదు. ప్యాకెట్ తిండిలో పీచు తక్కువ, కొందరికి రెండు మూడు రోజులు విరేచనం కాదు. నీళ్లు తగ్గించకుండా తాగాలి. ‘అడవిలో వెళ్లలేను’ అని తిండి మానేయడం చాలామంది కొత్తవాళ్లు చేసే పని. దాంతో నడకలో కళ్లు తిరుగుతాయి.

ఈ క్యాంపులో ఒక రాత్రి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు ఇచ్చే ఆనవాయితీ చాలా కంపెనీల్లో (కొన్ని ప్లటూన్లు కలిసిన దళాల్లో) ఉంది. మీకు ముందే కబురు వస్తుంది, ఇద్దరూ చెరొకటి రాయండి. ఒక పేజీ చాలు. తెలుగు చదవడం రాకపోతే ఇంగ్లీషులోనే రాయండి, సంతకం మాత్రం వాడు మిమ్మల్ని పిలిచే పిలుపుతో చేయండి. చదువు, మార్కులు, యూనివర్సిటీ సంగతులు అందులో వద్దు. ఇంట్లో ఏం జరుగుతోందో, తన గదిలో ఏది ఎలా ఉందో రాయండి. ఉత్తరం రాని కుర్రాడు ఒకడైనా ఉంటాడు. ఆ రాత్రి వాడి పక్కన కూర్చోమని మీవాడికి ముందే చెప్పి పంపండి.

నడకలు 4, 8, 12, 16 కిలోమీటర్లుగా పెరుగుతూ చివరికి 24 అవుతాయి. బ్యాగు, రైఫిల్, హెల్మెట్ అన్నీ కలిపి భుజాల మీద పదిహేను కిలోలకి పైనే ఉంటుంది. బొబ్బలకి కారణం రాపిడి, తడి. పల్చటి సాక్సు లోపల, మందంది పైన వేస్తే రాపిడి రెండు సాక్సుల మధ్య జరుగుతుంది, చర్మం మీద కాదు. మడమ కదలకుండా లేసు చీలమండ దగ్గర బిగించి వేళ్ల దగ్గర వదులుంచాలి. వేడిగా మండుతున్నట్టు అనిపించగానే, బొబ్బ రాకముందే, విశ్రాంతిలో ప్లాస్టర్ వేయాలి. వచ్చాక చర్మం పీకేయకూడదు. బరువంతా భుజాల మీద వేలాడకుండా నడుం పట్టీ బిగించుకోవాలి. చివరి కిలోమీటర్లలో ఎవరో ఒకరు ఆగిపోతారు. వాడి బ్యాగు వెనక నుంచి కాస్త ఎత్తి పట్టుకుంటే చాలు, నడవగలుగుతాడు. మాటలతో ఉత్సాహపరచడం కంటే అది బాగా పనిచేస్తుంది.

జబ్బు చేస్తే దాచొద్దు. జ్వరం, విరేచనాలు, రాత్రి నిద్ర లేకపోవడం, వీటిలో ఏది ఉన్నా పరుగుకి ముందే సార్జెంట్‌కి చెప్పాలి. జ్వరంతో పరిగెత్తితే ప్రాణం మీదికి వస్తుంది, ఇందులో అతిశయోక్తి లేదు. డాక్టర్ చూసి కొన్ని రోజులు పరుగు, కవాతు, దూకడం వద్దని రాసివ్వచ్చు, దాన్ని స్టేటస్ అంటారు. నిజమైన జబ్బుకి కూడా ఒకరిద్దరు చావ్ కెంగ్ అని గొణగొచ్చు. దానికి మందు ఒకటే: స్టేటస్‌లో ఉన్నప్పుడు నీడలో కూర్చుని ఫోన్ చూడకుండా, చేయగల పనులు చేయడం. నీళ్లు నింపడం, సామాను కాపలా, మిగతావాళ్లు తిరిగొచ్చేసరికి బంక్ ఊడ్చి ఉంచడం. ఇలా చేసినవాడి గురించి ఎవరూ మాట్లాడరు. ముఖ్యమైన శిక్షణ మరీ ఎక్కువ తప్పిపోతే తర్వాతి బ్యాచ్‌తో మళ్లీ చేయాల్సి రావచ్చు. అప్పుడు స్నేహితులు కూడా మారతారు, అది బాధే. అయినా ఒంటి కంటే ఎక్కువ కాదు.

చివరి వారాల్లో నాయకత్వం కొలిచే పరీక్ష ఉంటుంది. చిన్న జట్టుకి ఒక సమస్య ఇచ్చి చూస్తారు. తోటివాళ్లు ఒకరి గురించి ఒకరు రాసే అంచనా కూడా ఉంటుంది. ఆఫీసర్, స్పెషలిస్ట్ శిక్షణకి ఎవరిని పంపాలన్నదానిలో ఇవన్నీ చూస్తారు. ఇది తెలిసి కొందరు ఆఖర్లో అందరితో తియ్యగా మాట్లాడటం మొదలుపెడతారు. అప్పటికే రెండు నెలలు ఒకే గదిలో ఉన్నవాళ్లకి తేడా ఇట్టే తెలుస్తుంది.

మొదటి రెండు వారాలు సాధారణంగా ఇంటికి పంపరు. ఆ తర్వాత వారాంతాల్లో వస్తాడు, ఆదివారం రాత్రికి వెళ్లిపోవాలి. వచ్చీ రాగానే చుట్టాలిళ్లకి, గుడికి, విందులకి తిప్పకండి. స్నానం, ఇష్టమైన భోజనం, పది గంటల నిద్ర, బట్టలుతుక్కోవడం. శనివారం సాయంత్రం సెక్షన్ కుర్రాళ్లు ఎక్కడైనా కలుద్దామంటే పంపండి. యూనిఫాం లేకుండా, నంబరు లేకుండా కలిసే ఆ రెండు గంటల్లోనే పరిచయం స్నేహంగా మారుతుంది. ఒకసారి నలుగురినీ మీ ఇంటికి భోజనానికి పిలవండి. వాళ్లలో హలాల్ తినేవాళ్లు ఉంటారు కాబట్టి మన శాకాహార భోజనం అందరికీ సరిపోతుంది. గిన్నెలు కూడా శాకాహారానివే అయితే ఆ మాట ముందే చెప్పండి, సంకోచం ఉండదు.

అరుపులు, పుషప్స్ శిక్షణలో భాగం. ఒకే కుర్రాడి మీద రోజూ అదే పనిగా ఎగతాళి, జాతి గురించి మాటలు, చెయ్యి చేసుకోవడం శిక్షణలో భాగం కాదు. రంగు మీద జోకు వేస్తే మొదటిసారే నవ్వకుండా ‘అలా అనొద్దు’ అని స్థిరంగా చెప్పాలి. మొహమాటానికి నవ్వితే అది రోజూ వస్తుంది. ఆగకపోతే సెక్షన్ కమాండర్, ఆ పైన ప్లటూన్ కమాండర్. వాళ్లతో చెప్పలేకపోతే ఓరియెంటేషన్ ఆఫీసర్ ఉంటాడు, ఇరవైనాలుగు గంటల కౌన్సెలింగ్ ఫోన్ లైన్ ఉంది. ఫోన్‌లో మీవాడు ఏడిస్తే కంగారుపడి వెంటనే క్యాంపుకి ఫోన్ చేయకండి. ముందు పూర్తిగా వినండి. తిండి మానేయడం, నిద్ర అసలు పట్టకపోవడం, బతకాలని లేదనడం వింటే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా చేయండి.

తొమ్మిదో వారం తర్వాత ఆర్మీ అందరినీ విడదీస్తుంది. పోస్టింగ్ ఒక్కొక్కరికీ ఒక్కో చోటికి వస్తుంది: ఆఫీసర్ కేడెట్ స్కూలు, స్పెషలిస్ట్ స్కూలు, ఇన్‌ఫాంట్రీ, ఆర్మర్, సిగ్నల్స్, స్టోర్, క్లర్కు. అంత దగ్గరైనవాళ్లు ఒక్క రోజులో చెదిరిపోతారు, మీవాడు వారం పాటు దిగులుగా ఉండొచ్చు. గ్రూప్ చాట్ కూడా రెండు మూడు నెలల్లో పల్చబడుతుంది. బడ్డీతో, ఇంకో ఇద్దరితో మిగిలితే అదే చాలా ఎక్కువ. మీవాడికి ఇప్పుడే చెప్పాల్సిన విషయం ఇంకొకటి ఉంది: సర్వీసు ముగిశాక ఏళ్ల తరబడి రిజర్విస్ట్ శిక్షణకి పిలుస్తారు, సాధారణంగా పది విడతలు. అప్పుడు పక్కన ఉండేది టెకాంగ్ బంక్‌వాళ్లు కాదు, ఎక్కువగా పోస్టింగ్ అయిన యూనిట్‌వాళ్లు. కాబట్టి కొత్త యూనిట్‌కి వెళ్లిన మొదటి వారం ‘నా స్నేహితులు వేరే ఉన్నారు’ అని ముడుచుకుని కూర్చోకూడదు. మొదటి తనిఖీకి చీపురు మళ్లీ తనే ముందు అందుకోవాలి.